ఆర్డరు ఎవరి దగ్గర ఆగుతోందో తెలిశాకే టూల్ సంగతి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో మీరు ప్రొడక్ట్ మేనేజర్. ఇంతకాలం బయటి కస్టమర్ల కోసం పనిచేశారు, ఇప్పుడు కంపెనీ లోపలి పనితీరును చక్కదిద్దే బాధ్యత మీ మీద పెట్టారు. సేల్స్ వాళ్లు ఒప్పందం కుదుర్చుకున్న రోజు నుంచి కస్టమర్‌కు లాగిన్ వివరాలు అందేదాకా సగటున మూడు వారాలు పడుతోంది. మధ్యలో డిస్కౌంట్ ఆమోదం, లీగల్ పరిశీలన, ఫైనాన్స్‌లో కస్టమర్ రికార్డు తెరవడం, చివరికి ఖాతా ఏర్పాటు. వర్క్‌ఫ్లో టూల్ (పనిని ఒకరి నుంచి మరొకరికి దానంతటదే చేర్చే సాఫ్ట్‌వేర్) ఒకటి కొనేద్దామని మేనేజ్‌మెంట్ అంటోంది. ఫైనాన్స్ విభాగం ముఖం చాటేస్తోంది. మూడు నెలల్లో ఫలితం కనిపించాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

టూల్ డెమోలన్నీ రెండు నెలలు వాయిదా వేయండి. ఏదో ఒక కారణం చెప్పండి, పర్వాలేదు. డెమో చూసిన మరుక్షణం నుంచి గదిలో ఉన్నవారందరూ తమ సమస్యను ఆ టూల్ మెనూలో ఉన్న మాటలతోనే వర్ణించడం మొదలుపెడతారు. ఆ తర్వాత అసలు సమస్య ఏమిటో మీకు ఎవరూ చెప్పలేరు.

నేను పదహారేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను, అందులో చివరి ఆరేళ్లు లోపలి సిస్టమ్‌ల మీదే. మొదటిసారి ఈ బాధ్యత తీసుకున్నప్పుడు నాకు అప్పగించినది డిస్కౌంట్ ఆమోదాల వ్యవహారం. పదకొండు రోజులు పడుతోందని సేల్స్ వాళ్ల గోల. ఆమోదించే నలుగురినీ విడివిడిగా కలిశాను. ఒక్కొక్కరూ తమ దగ్గర అది పది నిమిషాల పనేనన్నారు. నలుగురూ నిజమే చెప్పారు. అంతా కలిపితే నలభై నిమిషాలు. మిగతా కాలమంతా ఆ అభ్యర్థన ఎవరో ఒకరి ఇన్‌బాక్సులో ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు పడి ఉంది. నేను అప్పటికి ఆలోచిస్తున్నదల్లా ఆమోదించే తెరను ఎలా అందంగా, వేగంగా మార్చాలా అని. మహా అయితే ఆ నలభై నిమిషాలు పాతిక అయ్యేవి. పదకొండు రోజులు మాత్రం పదకొండు రోజులుగానే మిగిలేవి.

ఇదే మీకు నేను చెప్పదలచిన అసలు విషయం. ఆఫీసు పనిలో ఆలస్యం పని చేయడంలో ఉండదు, పని కోసం వేచి ఉండడంలో ఉంటుంది. మన కళ్లు పని చేసే మనిషి మీద పడతాయి, ఆగిపోయిన కాగితం మీద పడవు.

కాబట్టి మొదట ఆ ఆగిన చోట్లను లెక్కతీయండి. ఇటీవల పూర్తయిన ముప్పై ఆర్డర్లు తీసుకోండి. ప్రతి దశకూ మూడు సమయాలు రాయండి: అక్కడికి ఎప్పుడు వచ్చింది, ఎవరైనా మొదట ఎప్పుడు తెరిచారు, అక్కడి నుంచి ఎప్పుడు కదిలింది. ఈమెయిళ్లు, టికెట్ చరిత్ర, ఒప్పంద పత్రం ఏ రోజు ఎవరు మార్చారన్న వివరం, వీటిలో చాలావరకు దొరుకుతుంది. మనుషులను అడిగి రాయకండి, జ్ఞాపకం ఎప్పుడూ చివరి గొడవ వైపే మొగ్గుతుంది. ఇది రెండు మూడు రోజుల చాకిరీ. దయచేసి దీన్ని జూనియర్లకు అప్పగించకండి. ఆ ముప్పై ఆర్డర్ల ఈమెయిళ్లు చదువుతుంటే ఎవరు ఎవరికి భయపడుతున్నారు, ఎవరు ఎవరిని కాపీలో పెడుతున్నారు అన్నది మీకే తెలిసిపోతుంది. అది ఏ నివేదికలోనూ రాదు.

అప్పుడు సగటును కాసేపు పక్కన పెట్టి, పట్టిన రోజుల ప్రకారం అన్నిటినీ వరుసగా పేర్చి మధ్యలో ఉన్న ఆర్డరును, చివరి ఐదింటినీ చూడండి. మీ 'మూడు వారాలు' అన్నది బహుశా వారంలో అయిపోయే మామూలు ఆర్డర్లు, రెండు నెలలు సాగే కొన్ని మొండి ఆర్డర్లు కలిసి పుట్టించిన అంకె కావచ్చు. అలా అయితే అవి రెండు వేర్వేరు సమస్యలు, రెంటికీ ఒకే మందు పనిచేయదు. మరొక అంకె కూడా తీయండి, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే: ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి రాకుండా సాఫీగా చివరిదాకా వెళ్లిన ఆర్డర్లు ముప్పైలో ఎన్ని? వెనక్కి వచ్చిన ప్రతి ఆర్డరూ మళ్లీ వరుస చివర నిలబడుతుంది. మా దగ్గర ఆలస్యంలో పెద్ద భాగం ఇలా తిరిగివచ్చిన వాటిదే. కస్టమర్ సంస్థ చట్టబద్ధమైన పేరు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉండడం, ఇన్‌వాయిస్ పంపాల్సిన చిరునామా లేకపోవడం, ఇంత చిన్న కారణాలు. దీనికి సేల్స్ ఫారంలో రెండు గడులు సరిచేస్తే చాలు, లీగల్‌లో ఎవరినీ తొందరపెట్టనక్కరలేదు.

ఇక్కడ మీకు పనికొచ్చే ఒక చిన్న లెక్క ఉంది. జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రం: ఒక చోట సగటున పేరుకుని ఉండే పనుల సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కో పని అక్కడ గడిపే సగటు కాలంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. లీగల్‌కు రోజుకు 8 ఒప్పందాలు వస్తున్నాయి, వాళ్ల దగ్గర ఇప్పుడు 96 ఉన్నాయి అనుకోండి. పరిస్థితి ఇలాగే నిలకడగా ఉంటే ఒక్కో ఒప్పందం అక్కడ 12 రోజులు గడుపుతోందన్నమాట. ఏ టూల్ లేకుండా, ఎవరినీ ప్రశ్నించకుండా, రెండు అంకెలతో తేలిపోయే విషయం ఇది. మీ మేనేజ్‌మెంట్‌తో మొదటి సమావేశంలో దీన్ని బోర్డు మీద రాసి చూపించండి.

దీనికి తోడబుట్టిన లెక్క ఇంకొకటి. పనులు ఒక క్రమం లేకుండా వస్తూ, ఒక్కోదానికి ఒక్కో సమయం పడుతూ, చేసే మనిషి ఒక్కరే అయిన సాధారణ నమూనాలో, ఆ మనిషి కాలంలో సగం నిండి ఉంటే వరుసలో నిరీక్షణ ఒక పని చేసేంత సేపు. 80 శాతం నిండితే దానికి నాలుగు రెట్లు. 90 శాతానికి తొమ్మిది రెట్లు, 95 శాతానికి పంతొమ్మిది రెట్లు. ఒక్కో ఒప్పందానికి గంట పట్టే న్యాయ నిపుణురాలు తన రోజులో 95 శాతం నిండిపోయి ఉంటే, వచ్చిన ఒప్పందం సగటున పంతొమ్మిది పనిగంటలు వేచి ఉంటుంది. ఆమె బద్ధకస్తురాలు కాదు, ఖాళీ లేని మనిషి. 'అందరూ ఊపిరాడనంత పనిలో ఉన్నారు' అని గర్వంగా చెప్పుకునే విభాగంలోనే ఫైళ్లు కదలకపోవడానికి కారణం ఇది. ఆమె దగ్గరికి వెళ్లే వాటిలో ఆమె చూడనవసరం లేనివి ఏవో కనిపెట్టి, వాటిని అక్కడికి పంపడం మానేస్తే వరుస తగ్గుతుంది. అదీ కొంచెం తగ్గించినా చాలు, నిరీక్షణ ఎంతో తగ్గుతుంది. 95 నుంచి 80కి వస్తే పంతొమ్మిది నాలుగవుతుంది, చూడండి.

అంకెల తర్వాత మనుషులు. ఇంటర్వ్యూలు అనడం లేదు. వెళ్లి పక్కన కూర్చోవడం.

ఫైనాన్స్‌లో కస్టమర్ రికార్డులు తెరిచే ఒకావిడ పక్కన ఒక ఉదయమంతా కూర్చున్నాను. ఆవిడ ముందు రెండు తెరలు. ఎడమవైపు అధికారిక సిస్టమ్, కుడివైపు ఆవిడ సొంత ఎక్సెల్ షీటు. కొత్త ఆర్డరు వచ్చింది. సంస్థ పేరును కాపీ చేసి ముందు షీటులో వెతికారు, తర్వాత సిస్టమ్‌లో వెతికారు, పేరు చివర ఉన్న 'లిమిటెడ్' తీసేసి మళ్లీ వెతికారు. "ఇన్నిసార్లు ఎందుకు మేడమ్?" అన్నాను. "ఇదే కస్టమర్ ఇప్పటికే మూడు పేర్లతో ఉన్నారండీ. నాలుగోది తెరిస్తే నెలాఖరున బాకీల లెక్క కుదరదు. అప్పుడు మాట పడేది నేను" అన్నారు. సిస్టమ్‌లో 'విభాగం కోడ్' అని తప్పనిసరిగా నింపాల్సిన గడి ఒకటి ఉంది. అందులో చకచకా నాలుగు తొమ్మిదులు కొట్టి ముందుకు వెళ్లిపోయారు. అదేమిటని అడిగితే, "అది ఎవరికీ తెలియదు, నింపకపోతే అది నన్ను కదలనివ్వదు" అని నవ్వారు.

షీటులో కొన్ని గడులకు పసుపు రంగు వేసి ఉంది. పసుపు అంటే ఏమిటని అడిగాను. ఫోన్ చేయాలని గుర్తట. సేల్స్ వాళ్లకా? కాదు, కస్టమర్ దగ్గర బిల్లులు చెల్లించే గుమాస్తాకు. ఇన్‌వాయిస్ ఎవరి పేరున, ఏ ఆర్డరు నంబరుతో పంపితే వాళ్ల సిస్టమ్ తిప్పి పంపకుండా ఉంటుందో ఆవిడ ముందే కనుక్కుంటారు. అలా కనుక్కోమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కంపెనీకి డబ్బు సమయానికి రావడంలో ఆ పసుపు గడుల పాత్ర ఎంతో మా ఫైనాన్స్ అధిపతికి కూడా తెలియదు. కొత్త సిస్టమ్‌లో ఏమేం ఉండాలో రాసుకున్న నలభై పేజీల మా రిక్వైర్‌మెంట్ పత్రంలో పసుపు ప్రస్తావనే లేదు. ఆ పత్రం ప్రకారమే కొత్త సిస్టమ్ కట్టి, 'ఎక్సెల్ వాడకం నిషేధం' అని ప్రకటించి ఉంటే ఏం జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీరు కూర్చున్నప్పుడు చూడాల్సినవి ఇలాంటివే. ఒక తెర నుంచి మరో తెరకు చేత్తో ఎక్కించేవి, కంప్యూటర్ అంచుకు అంటించిన చీటీలు, అర్థం లేని విలువలతో నిండే తప్పనిసరి గడులు, 'ఇతరములు' అన్న ఎంపికలో పడేవి. సిస్టమ్‌కూ నిజానికీ మధ్య ఉన్న దూరం వీటిలోనే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: 'ఇది నిబంధనలకు విరుద్ధం కదా' అని అక్కడ నోరు జారకండి. ఆ ఒక్క మాటతో మీకు మళ్లీ ఎవరూ ఏమీ చూపించరు.

ఇక ఫైనాన్స్ వాళ్లు సహకరించడం లేదన్న మాట. మీరు వాళ్ల దగ్గరికి 'ఈ దశ అవసరమా?' అన్న ప్రశ్నతో వెళ్లి ఉంటారని నా అనుమానం. ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఎవరైనా ఇచ్చే జవాబు ఒక్కటే, 'అవసరమే'. దానికి బదులు 'ఈ దశ ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం జరిగింది?' అని అడగండి. ప్రతి అదనపు సంతకం వెనకా ఒక పాత దెబ్బ ఉంటుంది. ఎవరో ఒకసారి చేయకూడని డిస్కౌంట్ ఇచ్చారు, ఆడిటర్ ఒక ప్రశ్న వేశారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఒక ఆమోదం పుట్టింది. ఆ మనిషి వెళ్లిపోయారు, ఆ ప్రొడక్టే ఆగిపోయింది, సంతకం మాత్రం మిగిలింది. ఆ కథ తెలిస్తే ఆ దశ దేన్ని కాపాడుతోందో తెలుస్తుంది. అప్పుడు అదే కాపుదల మరింత చవకగా ఎలా సాధించవచ్చో వాళ్లతో కలిసి ఆలోచించవచ్చు. వాళ్లు కోరేది ఆలస్యం కాదు, నింద తమ మీద పడకపోవడం.

కొన్నిటిని మాత్రం ముట్టుకోకండి. అడిగేవారు, ఆమోదించేవారు, డబ్బు పంపేవారు వేర్వేరు వ్యక్తులై ఉండాలన్నది ఆడిట్ ప్రాథమిక సూత్రం. అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన సంస్థల మేనేజ్‌మెంట్ 2002 నాటి సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం 404వ సెక్షన్ ప్రకారం ఆర్థిక నివేదికలకు సంబంధించిన అంతర్గత నియంత్రణలు సరిగా పనిచేస్తున్నాయో లేదో ఏటా మదింపు చేసి చెప్పాలి. మీ కంపెనీ అలాంటి సంస్థ కాకపోయినా మీ కస్టమర్లు అయి ఉండవచ్చు, వాళ్ల ప్రశ్నాపత్రాలు మీ దాకా వస్తాయి. కాబట్టి ఆడిట్ చూసుకునే వ్యక్తిని మొదటి వారంలోనే పిలిచి కూర్చోబెట్టండి. చివర్లో పిలిస్తే అన్నీ కూలుస్తారు, మొదట్లో పిలిస్తే 'ఈ ఆరు సంతకాల్లో రెండే నాకు కావాలి' అని మీ పక్షాన నిలుస్తారు. ఇది నాకు నిజంగా జరిగింది.

సంతకాలు ఎక్కువైతే భద్రత ఎక్కువ అన్న నమ్మకం గురించి కూడా ఒక మాట. 2020 ఆగస్టులో సిటీ బ్యాంకు రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల సంస్థకు అప్పిచ్చినవారికి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి, తన సొంత డబ్బు 90 కోట్ల డాలర్లకు దగ్గరగా పంపేసింది. అప్పు అసలు మొత్తం బయటికి పోకుండా బ్యాంకు లోపలి ఖాతాలో ఆగాలంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో మూడు గడులు మార్చాలి. ఒక్కటే మార్చారు. ఎక్కించినవారు, సరిచూసినవారు, చివరగా ఆమోదించిన సీనియర్ మేనేజర్, ముగ్గురూ అదే తెరను చూశారు, ముగ్గురికీ అది సరిగానే ఉన్నట్టనిపించింది. సొమ్ములో సుమారు 50 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వబోమని కొందరు భీష్మించుకున్నారు. 2021 ఫిబ్రవరిలో కింది కోర్టులో బ్యాంకు ఓడింది, 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసేదాకా అది వివాదంగానే ఉంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు కదా, ఆమోదాలకూ అదే వర్తిస్తుంది. మొదటివారు రెండోవారు చూస్తారులే అనుకుంటారు, రెండోవారు మొదటివారు చూసే ఉంటారులే అనుకుంటారు. నాలుగో సంతకం కన్నా, 'మీరు బయటికి పంపబోతున్న మొత్తం ఇంత' అని పెద్ద అక్షరాల్లో చూపించే ఒక్క వాక్యం ఎక్కువ కాపాడుతుంది.

మా డిస్కౌంట్ వ్యవహారంలో చివరికి చేసింది ఇదే. ఫలానా శాతం లోపు అయితే ఎవరి ఆమోదమూ అక్కరలేదు, సేల్స్ మేనేజర్ బాధ్యత. దానికి మించితే ఒక్కరి ఆమోదం. పరిమితి లోపు ఇచ్చిన వాటన్నిటినీ నెలకోసారి ఫైనాన్స్ చూసి, ఎవరైనా ప్రతి ఒప్పందాన్నీ సరిగ్గా పరిమితి అంచుకే తెస్తుంటే అడుగుతుంది. ముందు ఆపే కావలి కొంత తీసేసి, వెనక నుంచి చూసే కన్ను పెట్టాం. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ ఒక్క వరస కూడా రాయలేదు. ఒక పేజీ విధాన పత్రం, దాని మీద ఫైనాన్స్ అధిపతి సంతకం. ప్రొడక్ట్ మేనేజర్‌గా నా అహం కొంచెం దెబ్బతిన్న మాట నిజం.

ఉన్నదాన్ని ఉన్నట్టుగా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎందుకు తప్పో చెప్పడానికి అందరూ వాడే పాత ఉదాహరణ ఫోర్డ్ కంపెనీది. మేనేజ్‌మెంట్ నిపుణుడు మైకేల్ హ్యామర్ 1990లో రాసిన వ్యాసంతో అది ప్రసిద్ధికెక్కింది. ఉత్తర అమెరికాలో ఆ కంపెనీ సరఫరాదారుల బిల్లులు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెట్టి దాన్ని 400కు తగ్గిద్దామనుకున్నారు. అప్పుడు జపాన్ కార్ల కంపెనీ మాజ్దా వైపు చూస్తే అదే పని ఐదుగురు చేస్తున్నారు. మాజ్దా చిన్న సంస్థే, ఆ తేడా లెక్కలోకి తీసుకున్నా పొంతన లేదు. ఫోర్డ్‌లో పర్చేజ్ ఆర్డరు, సరుకు అందిన రసీదు, ఇన్‌వాయిస్ మూడింటినీ 14 అంశాల్లో సరిపోల్చి, తేడా వస్తే దాని వెంట పడుతూ రోజులు గడిపేవారు. చివరికి ఇన్‌వాయిస్‌నే తీసేశారు. సరుకు గేటు దగ్గరికి వచ్చినప్పుడే ఆర్డరుతో సరిచూసి, కుదిరితే తీసుకోవడం, కుదరకపోతే వెనక్కి పంపడం. సరిపోల్చాల్సినవి మూడు అంశాలకు తగ్గాయి, సిబ్బంది 75 శాతం తగ్గారు. ఇందులో నాకు నచ్చేది ఆ 75 కాదు. తేడాలను వేగంగా పరిష్కరించే సిస్టమ్ కట్టకుండా, తేడా పుట్టే చోటునే మూసేశారే, అది. మీ విషయంలో సమానమైన ప్రశ్న: లీగల్ ఒప్పందాన్ని త్వరగా చదవడం ఎలా అని కాదు, మీ ప్రామాణిక ఒప్పందాన్ని కస్టమర్ ఒక్క అక్షరం మార్చకుండా ఒప్పుకుంటే అది లీగల్‌కు వెళ్లడం ఎందుకు?

మీ ఆర్డరు ప్రయాణంలో మరొక గుంట తప్పకుండా ఉంటుంది, మాటల అర్థాల గుంట. 'ఆర్డరు వచ్చింది' అంటే సేల్స్‌కు కస్టమర్ సరేనన్న రోజు, లీగల్‌కు రెండు వైపులా సంతకాలైన రోజు, ఫైనాన్స్‌కు రికార్డు తెరిచి బిల్లుకు సిద్ధమైన రోజు. 'కస్టమర్' అంటే ఒకరికి మాతృసంస్థ, ఒకరికి దాని శాఖ, సపోర్ట్ వాళ్లకు ఫోన్ చేసే మనిషి. మీ మూడు వారాలు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్నదానికి ముగ్గురిని అడగండి, మూడు జవాబులు వస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాయించి ముగ్గురి చేతా ఒప్పించే పని విసుగ్గా ఉంటుంది, దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అయినా అది చేయకుండా రెండు సిస్టమ్‌లను కలిపితే తప్పులు ముందుకన్నా వేగంగా ప్రయాణిస్తాయి, అంతే.

సరే, టూల్. కొనాలా, సొంతంగా కట్టాలా? ఆమోదాలు, గుర్తుచేసే ఈమెయిళ్లు, ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న లాగ్, ఇవి ప్రతి కంపెనీకీ ఒకటే, వీటిని కట్టుకోవడంలో అర్థం లేదు. మీ ఈఆర్‌పీలోనో (ఖాతాలు, ఆర్డర్లు చూసే సిస్టమ్) సీఆర్‌ఎంలోనో (సేల్స్ వాళ్లు కస్టమర్ల వివరాలు పెట్టుకునే సిస్టమ్) ఇప్పటికే సగం ఉండి ఉంటుంది, ముందు అది వెతకండి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 'మనమే రాసుకుందాం, వారం పని' అనే ఇంజనీరు ఎప్పుడూ ఒకరుంటారు. రాయడం వారం పనే, దాన్ని ఐదేళ్లు మోయడం ఎవరి పని అని అడగండి. ఏది తీసుకున్నా నేను పట్టుబట్టేవి కొన్ని. ఆమోదించేవారు సెలవులో ఉంటే ఆ అధికారం ఎవరికి మారుతుందో ముందే పెట్టగలగాలి. 'తిరస్కరించు' కాకుండా 'ఒక ప్రశ్న ఉంది' అని వెనక్కి పంపే దారి ఉండాలి, అదీ కారణం రాసి. వెనక్కి వచ్చి సరిచేసినది మళ్లీ మొదటి నుంచి కాకుండా ఆగిన చోటి నుంచే సాగాలి. ఈ మూడూ లేని టూల్ ఎంత మెరిసినా, నెల తిరక్కముందే అందరూ ఫోన్లకూ ఈమెయిళ్లకూ మళ్లుతారు.

అరుదైన సందర్భాలన్నిటినీ వర్క్‌ఫ్లోలో ఇరికించాలని చూడకండి. ప్రతి సమావేశంలో ఒకరు 'మరి కస్టమర్ మధ్యలో పేరు మార్చుకుంటే?' అంటారు. ఏడాదికి రెండుసార్లు జరిగేదానికి ఒక పెట్టె గీస్తే, ఆ పెట్టెను మిగిలిన వేల ఆర్డర్లు దాటాలి. మామూలు దారిని సాఫీగా వేసి, అసాధారణమైనవన్నీ ఒక అనుభవజ్ఞుడి దగ్గరికి చేరేలా పెట్టండి, ఆ మనిషికి అధికారం ఇవ్వండి.

బయటి ప్రొడక్టు నుంచి వచ్చిన మీకు ఇక్కడ ఒక అలవాటు మారాలి. బయటి కస్టమర్‌కు నచ్చకపోతే వెళ్లిపోతారు, మీకు తెలుస్తుంది. లోపలి వాళ్లు వెళ్లలేరు, మౌనంగా ఎక్సెల్‌లోకి జారుకుంటారు. లాగిన్ లెక్కలు చూసి 'వాడకం నూరు శాతం' అని మురిసిపోవద్దు, వాళ్లకు వేరే గతి లేదు. కొత్త సిస్టమ్ వచ్చాక పక్క షీట్లు ఎన్ని మిగిలాయన్నదే నిజమైన కొలత.

కొలతల మాటకు వస్తే, 'ఇన్ని గంటలు ఆదా, అంటే ఇంతమంది అవసరం లేదు' అన్న లెక్కను మీ మొదటి నివేదికలో పెట్టకండి. ఒక్కసారి ఆ మాట బయటికి వస్తే ఇక ఏ విభాగమూ మీకు తలుపు తీయదు. ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి అన్న మాట ఆఫీసులకూ వర్తిస్తుంది, తర్వాత వాడుకలోకి వచ్చిన రూపంలో చెప్పాలంటే: కొలతను లక్ష్యంగా పెడితే అది కొలతగా పనికిరాకుండా పోతుంది. మేము ఒకసారి టికెట్ ముగించే సమయాన్ని లక్ష్యంగా పెట్టాం. నెలలో అద్భుతంగా తగ్గింది. చూస్తే, సమాచారం చాలదని టికెట్ మూసేసి, కొత్తది తెరవమని చెబుతున్నారు. తప్పు వాళ్లది కాదు, లక్ష్యం పెట్టిన నాది. అందుకే ఏ వేగపు కొలతకైనా జతగా, ఎన్ని వెనక్కి వచ్చాయన్నది కూడా చూపించండి.

మూడు నెలలు ఎలా పంచుకోవాలంటే, మొదటి నెల మొత్తం ఆ ముప్పై ఆర్డర్లకు, పక్కన కూర్చోవడానికి, ఆడిట్ మనిషితో మాట్లాడడానికి. రెండో నెలలో సాఫ్ట్‌వేర్ అక్కరలేని మార్పులు: పరిమితులు, సేల్స్ ఫారం, మార్చని ఒప్పందాలకు లీగల్ మినహాయింపు. వీటిని ముందు ఒక్క సేల్స్ బృందంతో నడపండి. మీరు మేనేజ్‌మెంట్‌కు చూపించే ఫలితం చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది. మూడో నెలలో, అప్పటికీ మిగిలిన నిరీక్షణకు టూల్ చూడండి, అప్పుడు డెమోలో ఏం అడగాలో మీకు తెలిసి ఉంటుంది. మార్పును నెలాఖరులో మాత్రం పెట్టకండి, ఫైనాన్స్ ఖాతాలు మూసే రోజులవి. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపాల్సి వస్తే పాతది ఆగే తేదీని మొదటి రోజే ప్రకటించండి. తేదీ లేకపోతే రెండూ ఎప్పటికీ నడుస్తాయి, అందరికీ రెట్టింపు పని, శాపనార్థాలు మీకు.

ఆ పసుపు గడుల సంగతి చెప్పి ఆపేస్తాను. ఇన్‌వాయిస్ వివరాలను కస్టమరే స్వయంగా నింపేలా, ఒప్పందం సంతకం చేసేటప్పుడే వచ్చే ఒక చిన్న ఫారం పెట్టాం. అందులో ఏయే ప్రశ్నలుండాలో ఆవిడే రాసిచ్చారు. ఆరు నెలల తర్వాత అటువైపు వెళితే కుడి తెర మీద అదే షీటు తెరిచి ఉంది. నాకు గుండె జారింది. దగ్గరికి వెళ్లి చూస్తే పసుపు ఎక్కడా లేదు. ఒక కొత్త వరుసలో మాత్రం అక్కడక్కడా ఆకుపచ్చ.

"ఆకుపచ్చ అంటే ఏమిటి మేడమ్?" అని అడిగి, కుర్చీ లాక్కున్నాను.